వార్డెను సంతకము చాలునా? – అనేక కేంద్రములలో జరుగు బాలల ఆరోగ్య అధ్యయనములు, వాటి నైతిక పరిశీలన

ఉపోద్ఘాతము

వైద్య పరిశోధనకును సంఘ కాపరికిని ఏమి సంబంధమని కొందరు పాఠకులు అడుగవచ్చును. ఈ ప్రశ్నకు రెండు సమాధానములు కలవు. మొదటిది, మన దేశములో మనుష్యులపై జరుగు వైద్య పరిశోధనలకు మార్గదర్శకములను ఏర్పరచిన భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.), ప్రతి ఎథిక్స్ కమిటీలో వైద్యులతోపాటు సామాజిక శాస్త్రవేత్త గాని, తత్త్వవేత్త గాని, నీతిశాస్త్రజ్ఞుడు గాని, వేదాంతి గాని ఉండవలెనని తెలిపినది. అనగా ఆ బల్లయొద్ద వేదాంత విద్య నభ్యసించినవారికి ఒక కుర్చీ వేయబడియున్నది. రెండవది, పరిశోధకులు పిల్లలను వెదకుచు వచ్చు స్థలములు అనేకము మన చేతి క్రిందనే ఉన్నవి. మిషను ఆస్పత్రులు, పాఠశాలలు, బాలబాలికల హాస్టళ్లు, అనాథాశ్రమములు మనము నడుపుచున్నవే.

జూన్ నెలలో పిల్లలను హాస్టలులో దిగబెట్టి వెళ్లునప్పుడు తల్లిదండ్రులు, “అయ్యగారూ, ఇకమీదట తల్లయినా తండ్రయినా మీరే” అని చెప్పుట మనలో అనేకులు వినినదే. ఆ మాట ప్రేమతోను నమ్మకముతోను చెప్పినదే. అయితే ఆ ఒక్క మాటను బట్టి, ఆ బిడ్డ శరీరమును ఒక పరిశోధనకు అప్పగించు అధికారము మనకు వచ్చినదా? ఈ వ్యాసములో మేము పరిశీలింపగోరు ప్రశ్న ఇదే. దానికి ముందు ఇటువంటి అధ్యయనములు ఎందుకు జరుగుచున్నవో, వాటిని ఎవరు ఏ విధముగా పరిశీలించెదరో తెలిసికొనవలెను.

పిల్లలపై పరిశోధన అవసరమా?

అవసరమే. పిల్లలు చిన్న సైజు పెద్దవారు కారు. వారి కాలేయము, మూత్రపిండములు, మెదడు ఇంకను ఎదుగుచున్న స్థితిలో ఉండును. పెద్దలకు మేలుచేసిన మందు శిశువుకు విషము కావచ్చును. క్లోరాంఫెనికాల్ అను యాంటీబయోటిక్ మందు ఇందుకు తెలిసిన ఉదాహరణ. దానిని శరీరమునుండి తొలగించుకొను శక్తి నవజాత శిశువులకు లేనందున, 1950ల చివరిలో ఆ మందు పొందిన శిశువులు బూడిద రంగుకు మారి మరణించుట వైద్యులు గమనించిరి. పిల్లలపై ముందుగా జాగ్రత్తతో పరీక్షింపని మందును ఇచ్చినయెడల, ప్రతి వైద్యుడును తెలియకుండానే ప్రయోగము చేయుచున్నవాడగును.

ఒక్క ఆస్పత్రిలో జరుగు అధ్యయనము చాలామట్టుకు సరిపోదు. పిల్లలలో కొన్ని జబ్బులు అరుదైనవి. ఒక టీకా పనిచేయునా లేదా తేలవలెనంటే వేలకొలది శిశువులు కావలెను. పైగా ఢిల్లీ మురికివాడలోని బిడ్డకు పనిచేసినది తమిళనాడు పల్లెలోని బిడ్డకు పనిచేయునా అన్నది వేరే ప్రశ్న. హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ అను విరేచనముల టీకాను ఈ కారణముచేతనే మూడు చోట్ల పరీక్షించిరి. ఢిల్లీ, పూణె, వెల్లూరు కేంద్రములలో కలిపి 6,799 మంది శిశువులు చేర్చుకొనబడిరి. వారిలో మూడింట రెండు వంతులమందికి టీకా, మిగిలినవారికి టీకా లేని చుక్కలు ఇయ్యబడెను. తీవ్రమైన రోటావైరస్ విరేచనములను మొదటి సంవత్సరములో సుమారు 56 శాతము నివారించినట్లు 2014లో ప్రచురింపబడిన ఫలితములు తెలిపినవి. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమములో రోటావైరస్ టీకా మొదలైన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇంత మేలు జరిగిన అధ్యయనములో సహితము నైతిక ప్రశ్నలు లేవకపోలేదు. అప్పటికే ఇతర రోటావైరస్ టీకాలు మార్కెట్టులో ఉండగా, కొందరు శిశువులకు టీకా లేని చుక్కలిచ్చుట న్యాయమా అని కొందరు ప్రశ్నించిరి. ఆ టీకాలు మన ప్రభుత్వ కార్యక్రమములో లేవని, పేద బిడ్డకు అవి ఎటులను అందుటలేదని మరికొందరు సమాధానమిచ్చిరి. ఈ వాదమును తేల్చుట మా ఉద్దేశ్యము కాదు. అధ్యయనము మంచిదైనంత మాత్రాన పరిశీలన అక్కరలేదనుకొనరాదని చూపుటయే మా ఉద్దేశ్యము.

ఎథిక్స్ కమిటీ – దాని పని

పరిశోధకుడు తన పనిని తానే తీర్పు తీర్చుకొనరాదను నియమము మానవజాతి బాధాకరమైన అనుభవముల ద్వారా నేర్చుకొన్నది. నాజీ వైద్యుల విచారణ తరువాత 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వచ్చెను. 1964లో ప్రపంచ వైద్య సమాఖ్య హెల్సింకి ప్రకటన చేసెను. అమెరికాలోని టస్కీగీలో 1932 నుండి 1972 వరకు నల్లజాతి పురుషులకు సిఫిలిస్ వ్యాధికి చికిత్స ఇయ్యక గమనించుచు ఉండిన సంగతి బయటపడిన తరువాత, 1979లో బెల్మాంట్ నివేదిక వెలువడెను. వ్యక్తుల యెడల గౌరవము, మేలు చేయుట, న్యాయము అను మూడు సూత్రములను అది నిలిపెను. మన దేశములో ఐ.సి.ఎం.ఆర్. 1980లో మొదటి విధాన ప్రకటనను, 2000, 2006, 2017 సంవత్సరములలో విస్తృత మార్గదర్శకములను ప్రచురించినది. బాలలపై పరిశోధనకు 2017లో ప్రత్యేక మార్గదర్శకములను కూడ ఇచ్చినది.

ఈ మార్గదర్శకముల ప్రకారము ఎథిక్స్ కమిటీలో ఏడుగురు మొదలుకొని పదిహేనుమంది వరకు సభ్యులుందురు. అధ్యక్షుడు ఆ సంస్థకు చెందినవాడు కాకూడదు. వైద్యులతోపాటు న్యాయశాస్త్రము తెలిసినవారు, పైన చెప్పిన సామాజిక శాస్త్రవేత్త లేక వేదాంతి, ఆ ప్రాంతమునుండి ఒక సామాన్య పౌరుడు ఉండవలెను. వీరు పరిశోధన ప్రణాళికను చదివి, అపాయమెంత, ప్రయోజనమెంత, ఎవరికి అపాయము ఎవరికి ప్రయోజనము, సమ్మతి పత్రము సామాన్యునికి అర్థమగునా, హాని జరిగినయెడల చికిత్స, నష్టపరిహారము ఎవరిస్తారు అను విషయములను పరిశీలించెదరు. వీరి అనుమతి రానిదే అధ్యయనము మొదలు కాకూడదు.

బాలల విషయములో మరికొన్ని అదనపు కట్టుబాట్లు కలవు. సమ్మతి ఇచ్చువారు తల్లిదండ్రులు. అపాయము అత్యల్పమైనప్పుడు, లేక బిడ్డకే నేరుగా ప్రయోజనము కలుగునప్పుడు, తల్లిదండ్రులలో ఒకరి సమ్మతి చాలును. అపాయము అంతకు మించినప్పుడు, లేక బిడ్డకు ప్రయోజనము లేనప్పుడు, ఇద్దరి సమ్మతి కోరవలసి రావచ్చును. అంతేకాదు, ఏడు నుండి పదకొండు సంవత్సరముల బిడ్డ తన అంగీకారమును నోటిమాటగా తెలుపవలెను. పన్నెండు దాటిన బిడ్డ వ్రాతపూర్వకముగా తెలుపవలెను. తల్లిదండ్రుల సమ్మతియు బిడ్డ అంగీకారమును రెండు వేర్వేరు విషయములు. ఒకటి ఉన్నదని రెండవదానిని విడిచిపెట్టరాదు.

అనేక కేంద్రములు – అనేక కమిటీలు

ఒక అధ్యయనము ఇరవై చోట్ల జరుగునప్పుడు ఎవరు పరిశీలింపవలెను? పూర్వము ప్రతి ఆస్పత్రి కమిటీయు అదే ప్రణాళికను వేరువేరుగా చదివెడిది. ఒక కమిటీ ఒక వాక్యము మార్చమనును, మరొకటి దానినే తిరిగి పెట్టమనును. నెలలు గడచిపోవును. ఒక చోట బిడ్డ తల్లికి చెప్పిన అపాయము మరొక చోట తల్లికి చెప్పబడకపోవచ్చును.

ఎక్కువ కమిటీలు చూచినంత మాత్రాన ఎక్కువ భద్రత కలుగునా? అమెరికాలో 2005 నుండి 2009 వరకు జరిగిన ‘సపోర్ట్’ అను అధ్యయనము ఈ విషయములో ఆలోచింపదగినది. నెలలు నిండక, 24 నుండి 27 వారములకే పుట్టిన 1,316 మంది శిశువులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపునకు ఆక్సిజన్ స్థాయి 85 నుండి 89 శాతము ఉండునట్లును, రెండవ గుంపునకు 91 నుండి 95 శాతము ఉండునట్లును చూచిరి. రెండు స్థాయిలును ఆనాటి వైద్యములో అంగీకరింపబడినవే. ఆక్సిజన్ ఎక్కువైన కంటిచూపు పోవు ప్రమాదము, తక్కువైన మెదడుకు, ప్రాణమునకు ప్రమాదము అన్నది వైద్యుల పాత భయము. ఫలితములలో తక్కువ స్థాయి గుంపులో తీవ్రమైన కంటి జబ్బు తగ్గెను గాని, మరణములు సుమారు 20 శాతము. ఎక్కువ స్థాయి గుంపులో మరణములు సుమారు 16 శాతము.

2013 మార్చిలో అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ కార్యాలయము, ఈ అపాయములను సమ్మతి పత్రములలో తల్లిదండ్రులకు సరిగా తెలుపలేదని లేఖ వ్రాసెను. పేరుపొందిన వైద్యులు, నీతిశాస్త్రజ్ఞులు అనేకులు ఈ తీర్పును వ్యతిరేకించిరి. మరికొందరు సమర్థించిరి. ఎవరి పక్షము సరియైనదైనను మనము గమనింపవలసిన సంగతి ఒకటున్నది. ఆ పత్రములను చూచి అనుమతించినది ఒక్క కమిటీ కాదు. పాల్గొన్న ప్రతి ఆస్పత్రి కమిటీయు దానిని ఆమోదించెను. నలుగురు చూచిరి గదా అని ఐదవవాడు తలవూపును. అందరి బాధ్యత ఎవరి బాధ్యతయు కాకుండ పోవును.

ఇట్టి కారణములచేత ఒక్క కమిటీయే బాధ్యత వహించి పూర్తిగా పరిశీలించు పద్ధతి వచ్చినది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ధనముతో అక్కడ అనేక కేంద్రములలో జరుగు అధ్యయనములకు 2018 జనవరి నుండి ఒక్క కమిటీ పరిశీలన నియమమైనది. మన ఐ.సి.ఎం.ఆర్. 2017 మార్గదర్శకములు కూడ అపాయము తక్కువైన బహుకేంద్ర అధ్యయనములకు ఒక ప్రధాన కమిటీ ద్వారా ఉమ్మడి పరిశీలనకు త్రోవ చూపినవి. అయితే స్థానిక పరిస్థితులను చూచు బాధ్యత ఆయా కేంద్రముల కమిటీలమీద ఉంచినవి.

ఈ రెండవ మాటయే మనకు ముఖ్యము. శాస్త్రము అన్ని చోట్లను ఒకటే. అపాయము లెక్క హైదరాబాదులో వేసినను ఢిల్లీలో వేసినను ఒకటే. గాని ఆ ఊరిలో ఏ భాష మాట్లాడుదురు, ఎవరికి చదువు వచ్చును, ఎవరి మాట కాదనలేరు, తల్లి ఏ నెలలో మిరపకోతలకు వలసపోవును అను సంగతులు దూరముననున్న కమిటీకి తెలియవు. ఉమ్మడి పరిశీలన కాలమును ఆదా చేయును గాని ఊరిని ఎరుగదు. ఊరిని ఎరిగినవారు మౌనముగా ఉన్నయెడల ఏమి జరుగునో మన ఖమ్మము జిల్లాలోనే చూచితిమి.

ఖమ్మము, వడోదర – 2009, 2010

2009లో పాత్ అను అంతర్జాతీయ సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వముల సహకారముతో రెండు చోట్ల హెచ్.పి.వి. టీకా ప్రాజెక్టును ప్రారంభించెను. ఒకటి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మము జిల్లా, రెండవది గుజరాత్‌లోని వడోదర జిల్లా. గేట్స్ ఫౌండేషన్ ధనసహాయము చేసెను. టీకాలను కంపెనీలు ఉచితముగా ఇచ్చెను. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించుట దీని ఉద్దేశ్యము. ఖమ్మములో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 నుండి 14 సంవత్సరముల బాలికలు సుమారు 14 వేలమందికి గార్డాసిల్ టీకా ఇయ్యబడెను. వడోదరలో సుమారు 10 వేలమందికి సెర్వారిక్స్ ఇయ్యబడెను. ఖమ్మములో టీకా పొందిన బాలికలలో ఆశ్రమ పాఠశాలలలో, హాస్టళ్లలో ఉన్న గిరిజన బాలికలు అనేకులు.

రెండు చోట్ల కలిపి ఏడుగురు బాలికలు మరణించిరన్న వార్తలు వచ్చిన పిమ్మట 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు నిలిపివేయబడెను. కేంద్ర ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము 2011లో నివేదిక ఇచ్చెను. నీట మునుగుట, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటి కారణములు ఆ మరణముల వెనుక ఉన్నవని, టీకాతో వాటికి సంబంధము కనబడుటలేదని తెలిపెను. ఈ మాటను మన సంఘములలో స్పష్టముగా చెప్పవలెను. ఈ టీకా వలన మన బిడ్డలు చనిపోయిరని బోధించుట సత్యము కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు మన తల్లులను, అక్కచెల్లెండ్రను పొట్టన పెట్టుకొనుచున్న వ్యాధి. ఆ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయుచున్నది.

అయినను తప్పు జరుగలేదా? జరిగినది. అది మందులో కాదు, మనుష్యులను అడిగిన విధములో జరిగినది. పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘము 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదికలో సమ్మతి పత్రముల లెక్క ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో చూచిన 9,543 పత్రములలో 1,948 పత్రములమీద వేలిముద్రలున్నవి. 2,763 పత్రములమీద హాస్టలు వార్డెన్లు సంతకము చేసిరి. అనగా పది పత్రములలో ఇంచుమించు మూడు వార్డెన్లవే. వేలిముద్ర వేసిన తల్లికి ఆ కాగితము ఎవరు చదివి వినిపించిరి? వార్డెను సంతకము చేసిన బిడ్డ తల్లికి సంగతి తెలియునా? హాని జరిగినచో కనిపెట్టి నమోదుచేయు ఏర్పాటు సరిగా లేదని కూడ ఆ నివేదిక తప్పుపట్టెను. ఈ విషయము సుప్రీంకోర్టు వరకు వెళ్లెను. పార్లమెంటు సంఘ నివేదికను కోర్టు ఏ మేరకు ఉపయోగించుకొనవచ్చునను ప్రశ్నపై 2018 మేలో రాజ్యాంగ ధర్మాసనము తీర్పు కూడ ఇచ్చెను.

మరియొక సంగతి. దీనిని పరిశోధన అనక, అనుమతి పొందిన టీకాను ఏలాగు అందించవలెనో చూచు ప్రదర్శన ప్రాజెక్టు అని నిర్వాహకులు చెప్పిరి. పేరు మారినప్పుడు కట్టుబాటు సడలును. కాబట్టి మనము పేరును చూడక పనిని చూడవలెను. పిల్లలనుండి సమాచారము సేకరించి, దానినుండి ఇతరులకు వర్తించు జ్ఞానమును రాబట్టు పని ఏ పేరుతో వచ్చినను పరిశోధనయే.

తల్లిదండ్రుల అధికారమునకు హద్దు – వేదాంతుల చర్చ

వార్డెను సంగతి అటుంచి, తల్లిదండ్రులకైనను ఇతరుల మేలుకొరకు తమ బిడ్డను అప్పగించు అధికారమున్నదా? ఈ ప్రశ్నను ముందుగా లోతుగా చర్చించినవారు క్రైస్తవ నీతిశాస్త్రజ్ఞులే. మెథడిస్టు వేదాంతి పాల్ రామ్సే 1970లో వెలువడిన తన గ్రంథములో లేదనెను. పెద్దవాడు తన ఇష్టపూర్వకముగా ఇతరులకొరకు అపాయమును భరింపవచ్చును. అది ప్రేమ. గాని బిడ్డ తరపున మరియొకరు ఆ ప్రేమను చూపజాలరు. బిడ్డకే ప్రయోజనము లేని ప్రయోగములో బిడ్డను చేర్చుట బిడ్డను సాధనముగా వాడుకొనుటయే అని ఆయన వాదము.

జెస్యూట్ వేదాంతి రిచర్డ్ మెక్‌కార్మిక్ 1974లో దీనికి బదులిచ్చెను. బిడ్డ కూడ మానవ కుటుంబములో సభ్యుడే. తనకు ఇంచుమించు ఏ నష్టమును లేని చోట ఇతరులకు తోడ్పడుట అందరికిని తగినదే. కాబట్టి అపాయము అత్యల్పమైనప్పుడు బిడ్డ సమ్మతించునని తల్లిదండ్రులు భావించుట న్యాయమే అనెను. అట్లయిన పెద్దవారినికూడ అడుగకుండనే చేర్చవచ్చునా అని రామ్సే తిరిగి ప్రశ్నించెను. నేటి నియమములలో కనబడు ‘అత్యల్ప అపాయము’ అను హద్దు మెక్‌కార్మిక్ వాదమునకు దగ్గరగా ఉన్నది. బిడ్డ వద్దన్నప్పుడు ఆ మాటను మన్నించవలెనను నియమములో రామ్సే ఆందోళన నిలిచియున్నది.

మేము ఈ విషయములో మెక్‌కార్మిక్‌తో ఏకీభవించుచున్నాము. రామ్సే మాటనే పూర్తిగా పాటించినయెడల పిల్లల వైద్యము ముందుకు సాగదు. దాని నష్టమును భరించువారును పిల్లలే. అయినను రామ్సే హెచ్చరికను చెవిని పెట్టవలెను. అనేకుల మేలుకొరకు ఒకడు నష్టపోవుట మంచిదని లెక్కవేసినవాడు యోహాను సువార్త 11వ అధ్యాయములోని కయప. తన ప్రాణమును తానే పెట్టుచున్నానని, ఎవడును దానిని తీసికొనడని చెప్పినవాడు 10వ అధ్యాయములోని కాపరి. ఈ రెంటికి మధ్యనున్న భేదమే సమ్మతి. తన్ను తాను అర్పించుకొనుట వేరు, మరియొకరిని అర్పించుట వేరు. త్యాగము గూర్చి ఎక్కువగా బోధించు మనము ఈ భేదమును మరువరాదు.

కాపరులు అడుగదగిన ప్రశ్నలు

మన పాఠశాలకు గాని హాస్టలునకు గాని ఆరోగ్య అధ్యయనమని ఎవరైనను వచ్చినప్పుడు, వారిని అనుమానముతో త్రోసివేయనక్కరలేదు. ఈ క్రింది ప్రశ్నలు మర్యాదగా అడుగవలెను.

1. ఇది చికిత్సయా, పరిశోధనయా? ఈ అధ్యయనము లేకపోయినను ఈ పిల్లలకు ఇది ఇయ్యబడునా?

2. ఏ ఎథిక్స్ కమిటీ దీనిని అనుమతించెను? అనుమతి లేఖ ప్రతిని చూపగలరా? ఒక్క కమిటీయే అన్ని కేంద్రములకు అనుమతి ఇచ్చినయెడల, మన ప్రాంతపు పరిస్థితులను ఎవరు పరిశీలించిరి?

3. సమ్మతి పత్రము తెలుగులో ఉన్నదా? కోయ, లంబాడీ తల్లిదండ్రులకు వారి భాషలో వివరించువారున్నారా?

4. ఈ పిల్లలనే ఎందుకు ఎన్నుకొనిరి? జబ్బు వీరిలో ఎక్కువ గనుకనా, లేక హాస్టలులో ఒకేచోట దొరికెదరు గనుకనా?

5. మధ్యలో మానుకొనవచ్చునా? మానుకొన్నయెడల పిల్లవానికి గాని సంస్థకు గాని రావలసినది ఏదైనను ఆగిపోవునా?

6. అర్ధరాత్రి బిడ్డకు జ్వరము వచ్చినచో ఎవరికి ఫోను చేయవలెను? ఖర్చు ఎవరిది?

నాలుగవ ప్రశ్న అన్నిటికంటె బరువైనది. బెల్మాంట్ నివేదిక న్యాయమని పిలిచినది దీనినే. నాతాను ప్రవక్త దావీదుతో చెప్పిన ఉపమానములో ధనవంతుడు తన మందను ముట్టక, పేదవాని ఒక్క గొఱ్ఱెపిల్లను తెప్పించెను. అది సులభముగా దొరికినది గనుక తెప్పించెను.

ఈ ప్రశ్నలు పరిశోధకుని కొరకు మాత్రమే కాదు, మన కొరకు కూడ. కాపరి వేదికమీదనుండి, “ఫలానివారు వచ్చుచున్నారు, అందరు పిల్లలను పంపండి” అని ప్రకటించినయెడల కాదను తల్లి మన పల్లెలలో అరుదు. ఆమె సమ్మతించినది అధ్యయనమునకు కాదు, అయ్యగారికి. కాబట్టి కాపరి చేయవలసిన పని, తల్లి నిర్భయముగా ప్రశ్న అడుగుటకును, వద్దని చెప్పుటకును స్థలము కల్పించుట. సంస్థకు ఫ్యాన్లు, మంచములు, విరాళములు ఇచ్చెదమని పరిశోధకులు చెప్పినప్పుడు ఈ విషయములో మరింత మెలకువ అవసరము.

ముగింపు

హాస్టలులో చేర్చుకొన్నంత మాత్రాన వార్డెను చట్టరీత్యా సంరక్షకుడు కాడు. తల్లిదండ్రులు ఎంత ప్రేమతో అప్పగించినను, అప్పగించినది పెంపకమును, చదువును. కాబట్టి మన హాస్టళ్ల పాలక కమిటీలు ఒక తీర్మానము చేసికొనవలెనని మా సూచన. పరిశోధనకు సంబంధించిన ఏ పత్రముమీదను వార్డెను గాని, ప్రధానోపాధ్యాయుడు గాని, కాపరి గాని తల్లిదండ్రుల స్థానములో సంతకము చేయరాదు. తల్లిదండ్రులు పిల్లలను చూడవచ్చు ఆదివారమున పరిశోధకులనే పిలిపించి, వారి యెదుట వివరింపజేయవలెను. ఆ తరువాత బిడ్డనుకూడ అడుగవలెను. దీనివలన అధ్యయనము ఒక నెల ఆలస్యమైతే కానిండు.

వేదాంత కళాశాలలు క్రైస్తవ నీతిశాస్త్ర తరగతులలో ఈ అంశమునకు కనీసము కొన్ని గంటలు కేటాయించుట మేలు. దగ్గరలోని వైద్య కళాశాల ఎథిక్స్ కమిటీలో సభ్యత్వమునకు ఆహ్వానము వచ్చినప్పుడు, తీరిక లేదని మన పట్టభద్రులు తప్పించుకొనకూడదు. అక్కడ శాస్త్రము తెలిసినవారు చాలామంది ఉందురు. మిరపకోతలకు వెళ్లిన తల్లి ఎప్పుడు ఇంటికి వచ్చునో తెలిసినవారు కూడ ఒకరైనను ఉండవలెను.